గరుకు టైటానియానికే ఎముక ఎందుకు పడుతుంది?

ప్రశ్న: ముప్ఫయ్యేళ్లుగా లేత్ మెషిన్ మీద పనిచేస్తున్నాను. ఇప్పుడు నాకు 56 ఏళ్లు. కింది దవడలో ఒక దంతం తీసేశారు. దాని స్థానంలో టైటానియం ఇంప్లాంట్ వేస్తామంటున్నారు. డాక్టరు గారు రెండు రకాలు చూపించారు. ఒకటి ఇసుకలాంటి రేణువులతో కొట్టి, ఆసిడ్‌లో ముంచి తీసినది. రెండోదీ అదేనట, కాకపోతే చిన్న గాజు గొట్టంలో ఉప్పునీళ్లలో వస్తుంది. ధర ఎక్కువ, ఎముక త్వరగా పడుతుందట. ఒంట్లోకి వెళ్లే వస్తువును అద్దంలా పాలిష్ చేయాలి గానీ కావాలని గరుకు చేయడమేమిటి? గరుకులో మురికి చేరదా? మా తమ్ముడికి తుంటి కీలు మార్చినప్పుడు లోపలి కాడకు తెల్లటి పూత ఉందన్నారు. ఆ పూత ఊడిపోతే ఏమిటి గతి? ఇంతకీ నేను ఏ రకం వేయించుకోవాలి? షుగర్ లేదు. రోజుకు ఐదారు సిగరెట్లు తాగుతాను. నా పేరు వేయవద్దు.

సమాధానం: మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. ఎగతాళితో కాదు లెండి. లోహాల ఉపరితలాల మీద పనిచేసే ల్యాబులో చేరిన కొత్తలో నేను అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే. నేను డాక్టర్ని కాను. మీ దవడ ఎక్స్‌రే చూసినవారి మాటే మీకు చివరి మాట. కానీ లోహం పైపొర మీద ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలను. లేత్ మీద అన్నేళ్లు పనిచేసినవారికి చెప్పడం నాకు మరీ సులువు.

షాఫ్టును ఎందుకు నునుపు చేస్తారు? బేరింగులో అది జారాలి, అరగకూడదు. ఎముకలో దిగే ఇంప్లాంటు జారితే పని చెడినట్టే. మీ తమ్ముడికి వేసిన తుంటి కీలునే తీసుకోండి. గిన్నెలో తిరిగే బంతి అద్దంలా మెరుస్తుంది. తొడ ఎముకలోకి దిగిన కాడ గరుకుగా ఉంటుంది. జారాల్సిన చోట నునుపు, పట్టుకోవాల్సిన చోట గరుకు.

నున్నటి కాంక్రీటు గోడకు ప్లాస్టరింగ్ చేసేముందు మేస్త్రీలు గాట్లు పెడతారు కదా, ఇదీ అలాంటిదేనని చాలామంది అనుకుంటారు. సగం నిజమే. ఎముక నిజంగానే ఆ గుంటల్లోకి పెరిగి బిగుసుకుంటుంది. కానీ సిమెంటుకు ప్రాణం లేదు, ఎక్కడ పూస్తే అక్కడ ఉంటుంది. ఎముకను కట్టే కణం అలా కాదు. అది తనంతట తాను పాక్కుంటూ వస్తుంది, సన్నటి వేళ్లలాంటివి చాపి చోటును తడుముతుంది, నచ్చితే పరుచుకుని కూర్చుంటుంది. నచ్చకపోతే గుండ్రంగా ముడుచుకుని ఉండిపోతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ బొమ్మలు చూస్తే కాళ్లు చాపుకుని కూర్చున్న సాలీడు గుర్తొస్తుంది. కణం అడ్డంగా 20, 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, అది చాపే వేళ్లు మైక్రాన్‌లో చిన్న వంతు మందం. కాబట్టి మన చేతికి గరుకుగా తగలడం, దానికి గరుకుగా తగలడం వేరు వేరు సంగతులు.

ఇంకో విషయం వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ కణం టైటానియాన్ని ఎప్పుడూ ముట్టుకోదు. మీ లేత్ మీద టైటానియం కోసినప్పుడు పైకి తేలిన కొత్త లోహం కన్ను మూసి తెరిచేలోపే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. దాని మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే, నానోమీటరంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు. గీత పడితే తనే మళ్లీ పూడ్చుకుంటుంది. టైటానియం ఒంట్లో తుప్పు పట్టకుండా ఏళ్ల తరబడి నిలిచేది ఈ పొర చలవే. ఇంప్లాంటును రంధ్రంలోకి బిగించగానే ఆ ఆక్సైడ్ మీద ముందు నీరు చేరుతుంది. క్షణాల్లో రక్తంలోని ప్రోటీన్లు వచ్చి అంటుకుంటాయి. ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ అనే రెండింటికి ఇందులో పెద్ద పాత్ర. ఎముక కణాల పైన ఇంటెగ్రిన్లు అనే కొక్కేల్లాంటివి ఉంటాయి. అవి ఈ ప్రోటీన్లలోని ఒక చిన్న ముక్కను గుర్తుపట్టి పట్టుకుంటాయి. అంటే కణం పట్టుకునేది లోహాన్ని కాదు, లోహం మీద పరుచుకున్న ప్రోటీన్ చాపను. ఉపరితలానికి చేసే చికిత్సలన్నీ, ఏ పేరుతో అమ్మినా సరే, చివరికి ఆ చాప ఎంత బాగా పరుచుకోవాలి, దాని మీద నెత్తురు గడ్డ ఎంత గట్టిగా నిలవాలి అన్నదాని చుట్టూ తిరుగుతాయి.

ఆ నెత్తురు గడ్డ సంగతే చాలామంది మర్చిపోతారు. రంధ్రం గోడకూ ఇంప్లాంటుకూ మధ్య మిగిలిన సందుల్లో రక్తం గడ్డకడుతుంది. అందులో ఫైబ్రిన్ దారాలు అల్లుకుంటాయి. ఎముక కణాలు వచ్చేది ఆ దారాలు పట్టుకునే. అవి పాక్కుంటూ వస్తుంటే దారాలు బిగుసుకుంటాయి. ఇంప్లాంటు నున్నగా ఉంటే దారం కొస అక్కడ పట్టు వదిలేస్తుంది. గరుకుగా ఉంటే పట్టి ఉంచుతుంది. తాడు పట్టుకుని గోడెక్కేవాడికి పైన తాడు కట్టిన మేకు ఊడిపోతే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే నున్నటి ఇంప్లాంటు చుట్టూ ఎముక ఎక్కువగా రంధ్రం గోడ వైపు నుంచి మొదలై మెల్లగా ఇటు వస్తుంది. గరుకు ఇంప్లాంటు దగ్గర అటు గోడ నుంచీ, ఇటు లోహం మీద నుంచీ ఒకేసారి పని మొదలవుతుంది. సొరంగాన్ని రెండు వైపుల నుంచీ తవ్వినట్టన్నమాట.

అయితే నున్నటిది పనికిరాదా? పనికొస్తుంది! అసలు ఈ కథ మీ పని నుంచే మొదలైంది. స్వీడన్‌లోని లుండ్‌లో 1952 ప్రాంతంలో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేళ్ల ఎముకల్లో రక్తప్రసరణ చూడడానికి టైటానియంతో చేసిన చిన్న పరికరాలు అమర్చాడు. ప్రయోగం అయ్యాక వాటిని తీసుకోబోతే రాలేదు. ఎముక వాటిని పట్టేసింది. దానికే తర్వాత ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టాడు. 1965లో గోస్తా లార్సన్ అనే మనిషి దవడలో మొదటి ఇంప్లాంట్లు వేశాడు. ఆయన 2006లో చనిపోయేదాకా అవి పనిచేస్తూనే ఉన్నాయి. ఆ కాలపు ఇంప్లాంట్లు లేత్ మీద తిప్పి, శుభ్రం చేసి వేసినవే. ఇసుకా లేదు, ఆసిడూ లేదు.

మరి గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఎదురుచూపులో. కింది దవడకు మూడు నాలుగు నెలలు, పై దవడకు ఐదారు నెలలు ఇంప్లాంటును చిగురు కింద పూడ్చి, దాని మీద ఏ బరువూ పడకుండా ఆగేవారు. పై దవడ వెనక భాగంలో ఎముక మెత్తగా, స్పాంజిలా ఉంటుంది. అక్కడ నున్నటి ఇంప్లాంట్లు ఎక్కువగా విఫలమయ్యేవి. ఉపరితలాన్ని మార్చాలన్న తపన అంతా ఆ నెలలు తగ్గించడానికీ, మెత్తటి ఎముకలో పట్టు పెంచడానికీ పుట్టింది. మీరు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఇంప్లాంటు కంపెనీల కరపత్రాల్లోని సగం మాటలు వాటంతట అవే తేలిపోతాయి.

ఇక మీకు చూపించిన మొదటి రకం. దాన్ని ఎస్‌ఎల్‌ఏ పద్ధతి అంటారు. లేత్ నుంచి దిగిన ఇంప్లాంటును ముందు 250 నుంచి 500 మైక్రాన్ల అల్యూమినా రేణువులతో బ్లాస్ట్ చేస్తారు. దాంతో సుమారు 20 నుంచి 40 మైక్రాన్ల గుంటలు పడతాయి. తర్వాత వేడి చేసిన హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆసిడ్ల మిశ్రమంలో ముంచుతారు. ఆసిడ్ ఆ పెద్ద గుంటల లోపల మళ్లీ రెండు మూడు మైక్రాన్ల చిన్న గుంటలు తొలుస్తుంది. పెద్ద గుంట కణానికి గదిలాంటిది, అందులోని చిన్న గుంటలు కాలు ఆనించుకోవడానికి పనికొస్తాయి. మన ఎముకను అరిగించే కణాలు పాత ఎముకను తినేసి వదిలిన గుంటలు కూడా కొంచెం ఇలాగే ఉంటాయి. ఎముక కట్టే కణానికి అలాంటి చోటు కొత్త కాదు. ఎవరో పాతది కూల్చి వెళ్లిన స్థలంలో కట్టడమే దాని రోజువారీ పని.

ఇక్కడ మీలాంటివారికి మాత్రమే చెప్పగలిగిన ఒక ముక్క. డ్రాయింగు మీద ఆర్‌ఏ 1.6 అని, అంటే గరుకు ఎంతో చెప్పే అంకె, రాసి ఉంటే, లేత్ మీద తీసినా, బ్లాస్టింగు చేసినా గరుకు కొలిచే మీటరు అదే అంకె చూపించవచ్చు. కానీ లేత్ ఫినిష్‌లో గీతలన్నీ ఒకే దిక్కు. బ్లాస్ట్ చేసినదానికి దిక్కే లేదు. కణాలు గీతల మీద వేస్తే ఆ గీతల వెంటే సాగుతాయి. గుంటల మీద వేస్తే అన్ని వైపులకూ చాచుకుంటాయి. అందుకే ఇంప్లాంట్ల విషయంలో ఒక గీత మీద కొలిచే ఆర్‌ఏ కాకుండా, చదరం మొత్తం మీద కొలిచే ఎస్‌ఏ అన్న లెక్క చెబుతారు. మైక్రాన్ లోపుంటే నునుపు కిందే జమ. 1 నుంచి 2 మైక్రాన్లు మధ్యస్థ గరుకు. ఇవాళ చాలామంది వాడేది ఇదే. 2 దాటితే మరీ గరుకు. 'గరుకు మంచిదైతే ఇంకా గరుకు చేద్దాం' అని ఒకప్పుడు టైటానియం పొడిని ప్లాస్మా మంటతో కరిగించి ఇంప్లాంటు మీద చిమ్మేవారు. ఆ పద్ధతి దంతాల్లో ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. ఎందుకో మురికి సంగతి దగ్గర చెబుతాను.

గరుకు వల్ల ఎంత తేడా వస్తుందో తేల్చిన పాత ప్రయోగం ఒకటుంది. 1991లో డేనియల్ బూజర్ అనే పరిశోధకుడి బృందం చిన్న జాతి పందుల ఎముకల్లో ఆరు రకాల ఉపరితలాలు పెట్టి, మూడు, ఆరు వారాల తర్వాత తీసి చూసింది. ఎలక్ట్రోపాలిష్ చేసిన, అంటే కరెంటుతో నునుపు చేసిన ఇంప్లాంట్ల చుట్టుకొలతలో 20 నుంచి 25 శాతం మాత్రమే ఎముకకు తగిలి ఉంది. పెద్ద రేణువులతో బ్లాస్ట్ చేసి ఆసిడ్ పట్టించినవాటికి 50 నుంచి 60 శాతం. హైడ్రాక్సీఅపటైట్ పూత (మీ తమ్ముడి కాడ మీది తెల్ల పూత లాంటిది) వేసినవాటికి 60 నుంచి 70. ఇంకేం, పూతదే గెలుపు అనుకుంటారు. కానీ అప్పటికే ఆ పూత అక్కడక్కడా కరగడం మొదలైందని కూడా వాళ్లు గమనించారు.

ఇప్పుడు గాజు గొట్టం సంగతి. ఇది మీ అసలు ప్రశ్న కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ల్యాబులో ఒకసారి ఆసిడ్‌లోంచి తీసి కడిగిన టైటానియం బిళ్ల మీద డ్రాపర్‌తో ఒక నీటిచుక్క వేశాను. చుక్క నిలవలేదు. పడీ పడగానే అద్దుడు కాగితం మీద సిరాలా పాకి, బిళ్లంతా తడిసిపోయింది. అదే బ్యాచ్‌లో ఇంకో బిళ్ల డబ్బాలో పెట్టి మర్చిపోయాను. కొన్ని వారాల తర్వాత దాని మీద చుక్క వేస్తే తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. గాలిలో ఎప్పుడూ ఉండే కార్బన్ పదార్థాలు కంటికి కనబడకుండా దాని మీద పేరుకున్నాయి, అంతే. పైగా గరుకు ఉపరితలం ఈ గుణాన్ని రెట్టింపు చేస్తుంది. నీటిని ఇష్టపడేదైతే ఇంకా పీల్చుకుంటుంది, ఇష్టపడనిదైతే ఇంకా తోసేస్తుంది. తామరాకు చేసేదీ అదే.

ఇంప్లాంటు ఫ్యాక్టరీ నుంచి మీ నోటిదాకా వచ్చేసరికి నెలలు గడుస్తాయి. పొడిగా ప్యాక్ చేసినదానికి ఈ కార్బన్ పొర పట్టకుండా ఉండదు. దాన్ని ఎముకలో దించగానే నెత్తురు గుంటల్లోకి వెంటనే దిగదు, చిన్న గాలి బుడగలు కొంతసేపు అడ్డుపడతాయి. రెండో రకంలో ఏం చేస్తారంటే, ఆసిడ్ నుంచి తీశాక గాలి తగలకుండా నైట్రోజన్‌లోనే కడిగి, సీదా సెలైన్‌లో వేసి మూసేస్తారు. తీసేదాకా అది తాజాగా ఉంటుంది. నెత్తురు తగలగానే పీల్చుకుంటుంది. అతినీలలోహిత కాంతితో పొడి ఇంప్లాంటు మీది కార్బన్‌ను వదిలించే యంత్రాలు కూడా వచ్చాయి. దారి వేరైనా గమ్యం ఒకటే.

మరి దీనివల్ల నిజంగా లాభముందా? ఉంది, కానీ ఎంతకాలం అన్నదే అడగాలి. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒప్పుకున్న మనుషుల దవడలోనే, చివరి దంతాల వెనక, చిన్న చిన్న ఇంప్లాంట్లు రెండు రకాలవీ పెట్టి, కొన్ని వారాలకు చుట్టూ ఉన్న ఎముకతో సహా తీసి చూశారు. నాలుగో వారంలో తడి రకానికి సుమారు 48 శాతం ఎముక తగిలి ఉంటే, పొడి రకానికి 32 శాతం. ఆరో వారానికి రెండూ దాదాపు 62 శాతం దగ్గర కలిసిపోయాయి. ఒక బస్సు ముందు బయల్దేరి ముందు చేరింది, రెండోది కాస్త వెనగ్గా వచ్చి అదే స్టాండులో ఆగింది. మీకు తొందర లేకపోతే రెండో బస్సు చాలు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. మీది కింది దవడ. అక్కడ సాధారణంగా ఎముక గట్టిగా ఉంటుంది. షుగర్ లేదు. దంతం బిగించడానికి రెండు మూడు నెలలు ఆగగలిగితే, ఇంప్లాంటు బిగించినప్పుడు పట్టు బాగుందని డాక్టరు గారు చెబితే, మొదటి రకం మీకు సరిపోతుంది. అది చవక సరుకేమీ కాదు. 511 ఎస్‌ఎల్‌ఏ ఇంప్లాంట్లను పదేళ్లు వెంబడించి చూసి 2012లో ప్రచురించిన లెక్కలో 98.8 శాతం నిలిచాయి. ఎముక మెత్తగా ఉందన్నా, ఎముక పొడి పెట్టి పెంచాల్సి వచ్చిందన్నా, కొద్ది వారాల్లోనే దంతం పెట్టేయాలన్నా అప్పుడు తడి రకానికి డబ్బు పెట్టడంలో అర్థముంది. డాక్టరు గారిని 'ఏది మంచిది' అని అడక్కండి. 'నా ఎముకకు ఆ తొందర అవసరమా' అని అడగండి. జవాబు వేరుగా వస్తుంది.

మీ తమ్ముడి తెల్ల పూత గురించి టెన్షన్ పడకండి. అది హైడ్రాక్సీఅపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన పదార్థం, మన ఎముకలోని ఖనిజానికి దగ్గరి చుట్టం. తుంటి కాడకు దీన్ని పూయడం 1985లో లండన్‌లో మొదలైంది. ఇన్నేళ్లలో మంచి పేరే తెచ్చుకుంది. దాన్ని శాశ్వతంగా ఉండమని ఎవరూ వేయరు. ఎముక దగ్గరికి వచ్చేదాకా అది ఎర. తర్వాత మెల్లగా కరిగినా ఫర్వాలేదు, అప్పటికి ఎముక కింద ఉన్న గరుకు లోహాన్నే పట్టుకుంటుంది. దంతాల్లో ఈ మందపాటి పూత నిలవకపోవడానికి కారణాలు వేరు. పూతను వేల డిగ్రీల ప్లాస్మా మంటలో కరిగించి చిమ్ముతారు కాబట్టి కొంత భాగం స్ఫటికంగా కాకుండా గాజులా గడ్డకడుతుంది, అది త్వరగా కరుగుతుంది. పూతకూ లోహానికీ మధ్య అతుకు బలహీనం. పైగా నోరంటే బ్యాక్టీరియా నిండిన చోటు, చిగురు కొంచెం దిగితే పూత బయటపడుతుంది. తుంటి ఎముక లోపల ఆ బెడద లేదు. ఆయనకు ఇంకో ఆసరా కూడా ఉండి ఉండవచ్చు. కొన్ని కీళ్లకు 100 నుంచి 400 మైక్రాన్ల రంధ్రాలుండే స్పాంజిలాంటి పొర ఉంటుంది. ఎముక పైపైన అంటుకోవడమే కాకుండా రక్తనాళాలతో సహా లోపలికి పెరుగుతుంది.

బ్లాస్టింగూ ఆసిడూ పూత కావు. అక్కడ లోహాన్నే తొలిచారు, పైన ఏదీ అతికించలేదు. ఊడిపోవడానికి ఏమీ లేదు.

మురికి సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. గరుకు ఉపరితలం ఎముక కణానికి ఎంత ఇష్టమో బ్యాక్టీరియాకీ అంతే ఇష్టం. ఆంథొనీ గ్రిస్టినా అనే సర్జన్ 1987లో దీనికి 'ఉపరితలం కోసం పరుగు పందెం' అని పేరు పెట్టాడు. ఎముక కణాలు ముందు చేరితే ఇంప్లాంటు మనది, సూక్ష్మజీవులు ముందు చేరితే వాటిది. అందుకే గరుకు భాగమంతా ఎముకలో పూర్తిగా మునిగి ఉండాలి. చిగురు దాటి పైకి వచ్చే భాగం నున్నగా ఉండాలి. అక్కడ ఆర్‌ఏ 0.2 మైక్రాన్ల దగ్గర ఆపితే చాలు, అంతకంటే నునుపు చేసినా పాచి తగ్గదని తేలింది. ఏళ్లు గడిచాక ఎముక కరిగి గరుకు మరలు బయటపడితే శుభ్రం చేయడం నరకం. ప్లాస్మాతో చిమ్మిన మరీ గరుకు ఇంప్లాంట్లు మూలపడింది ఇక్కడే. క్లీనింగుకు వెళ్లినప్పుడు అది ఇంప్లాంటు అని ముందే చెప్పండి. స్టీలు పరికరంతో గోకితే టైటానియం మీద గీతలు పడతాయి. ప్లాస్టిక్ లేదా టైటానియం కొసలున్నవి వాడతారు. గీత పడ్డ షాఫ్టును మీరెలా చూస్తారో తెలుసు కాబట్టి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

కరపత్రంలో ఆనొడైజ్‌డ్ అనీ, నానో అనీ కూడా ఉంటాయి. అల్యూమినియం ఆనొడైజింగ్ మీకు తెలిసిందే. టైటానియానికీ కరెంటు ద్వారా ఆక్సైడ్‌ను మందంగా, రంధ్రాలతో పెంచవచ్చు. ఈ రకం ఇంప్లాంట్లు 2000 నుంచీ వాడుకలో ఉన్నాయి, బాగానే పనిచేస్తున్నాయి. వోల్టేజి మార్చితే ఆక్సైడ్ మందం మారి రంగు కూడా మారుతుంది, బంగారు రంగు, గులాబీ, నీలం. అది పెయింటు కాదు. నానో గొట్టాల సంగతైతే, 15 నానోమీటర్ల గొట్టం మీద కణాలు బాగా నిలిచాయని ఒకరు, 70, 100 నానోమీటర్లవి మేలని ఇంకొకరు. ల్యాబు గిన్నెలో నిలిచిన కణం వేరు, నమలడం మొదలుపెట్టిన దవడ వేరు. ఆ మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఉపరితలం కంటే ముందు చూడాల్సింది ఒకటుంది, అది మీకు వెంటనే అర్థమవుతుంది. కూలెంట్ లేకుండా మీరు టైటానియం కోయరు కదా. ఎముకకు రంధ్రం వేసేటప్పుడూ అంతే. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, ఆ చుట్టూ ఎముక దెబ్బతింటుందని 1983లోనే చూపించారు. అందుకే సెలైన్ ధార పోస్తూ, పదునైన డ్రిల్లుతో, ఆగి ఆగి తొలుస్తారు. మాడిన ఎముకలో ఎంత గొప్ప ఉపరితలం దించినా ఉపయోగం లేదు.

బిగించిన రోజు ఇంప్లాంటు గట్టిగా ఉంటుంది. అది మరలు పట్టిన పట్టు మాత్రమే. తర్వాత ఒత్తిడి పడ్డ పాత ఎముకను శరీరం కొంత తొలగిస్తుంది, కొత్తది ఇంకా పూర్తిగా రాదు. రెండు నుంచి నాలుగు వారాల మధ్య పట్టు కాస్త తగ్గి మళ్లీ పెరుగుతుంది. సరిగ్గా అప్పటికే మీకు నొప్పి పోయి ఉంటుంది, 'అంతా బాగుంది' అని అటువైపే నమలడం మొదలుపెడతారు. ఆ సమయంలో ఇంప్లాంటు 150 మైక్రాన్లకు మించి కదులుతూ ఉంటే ఎముక బదులు నార కణజాలం చుట్టుకుంటుంది. రెండు మూడు వెంట్రుకల మందమంత కదలిక! మైక్రాన్ల లెక్క తెలిసినవారు కాబట్టి ఆ మూడో వారం మీరైనా జాగ్రత్తగా ఉంటారనుకుంటాను.

ఇక ఉత్తరం చివర సన్నగా రాసిన ఆ సిగరెట్ల మాట. నిజం చెప్పాలంటే మీ ప్రశ్నలన్నిటిలో ఫలితాన్ని ఎక్కువగా మార్చేది ఇదే. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగదీస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. ఎముక కణం రావడానికి కావలసిన దారీ, ఊపిరీ రెండూ తగ్గుతాయి. పొగ తాగేవారిలో ఇంప్లాంటు విఫలమయ్యే అవకాశం తాగనివారితో పోలిస్తే దాదాపు రెట్టింపని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన లెక్కలు చెబుతున్నాయి. పొడి రకానికీ తడి రకానికీ మధ్య తేడా రెండు వారాలది. దీనిది అంత చిన్న తేడా కాదు. పూర్తిగా మానేయమనే చెబుతాను. అది ఇప్పుడే కుదరదంటే, కనీసం ఆపరేషన్‌కు ముందు ఎన్ని రోజులు, తర్వాత ఎన్ని వారాలు ముట్టకూడదో డాక్టరు గారినే అడిగి ఆ లెక్క తప్పకండి. రోజుకు ఐదారే కదా అనుకుని ఆయన దగ్గర ఆ మాట దాచకండి.

ఇంకో చిన్న పని. ఇంప్లాంటు పెట్టె మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరుతో స్టిక్కర్ ఉంటుంది. ఒకటి డాక్టరు ఫైలులో అంటిస్తారు, ఇంకొకటి అడిగి తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి. పదేళ్ల తర్వాత పైన దంతం వదులైతే ఏ మర, ఏ కొలత అని వెతుక్కునేది అప్పటి డాక్టరే. పాత మెషిన్‌కు నట్టు దొరక్క మీరు ఎన్నిసార్లు విసుక్కున్నారో గుర్తు చేసుకోండి.